మా ఆయన మళ్లీ తాగుతున్నాడు, సాక్ష్యం ఎలా చెప్పను?

తిరుపతి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, చర్చి వివరాలు బయటపెట్టొద్దన్నారు. గుర్తుపట్టడానికి వీలయ్యే సంగతులు తీసేసి మిగిలింది క్లుప్తంగా చెబుతున్నాను.

ఆమె వయసు నలభై దాటింది. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త సొంత కారు పెట్టుకుని యాత్రికులను కొండకు, కాళహస్తికి, కాణిపాకానికి, వేలూరు దగ్గరి బంగారు గుడికి తిప్పుతాడు. పెళ్లయిన కొత్తలోనే మందు అలవాటు ఉంది. మూడేళ్ల కిందట ఉపవాస ప్రార్థనలప్పుడు సంఘమంతా ఆయన కోసం మోకరించింది. ఆ వారమే మానేశాడు. రెండేళ్లకు పైగా చుక్క ముట్టలేదు. పాప ఇంటర్ పరీక్షలు ఆ ప్రశాంతతలోనే రాసింది. ఈమె ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడే మాన్పించాడని అందరి ముందు సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత స్త్రీల కూడికల్లో, గృహ ప్రార్థనల్లో పిలిచి మరీ చెప్పించారు. ఈ ఏడాది ఏప్రిల్లో ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు దాదాపు రోజూ రాత్రి తాగే వస్తున్నాడు. చర్చిలో ఎవరికీ తెలియదు. తెలియనివ్వకుండా ఈమె మరో రెండుసార్లు పాత సాక్ష్యమే చెప్పింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇంకోసారి చెప్పమని పాస్టరమ్మగారు అడిగితే “సరే అక్కా” అనేసి ఇంటికొచ్చింది.

ఇక ఆమె మాటల్లోనే: “ఆ రోజు గిన్నెలు తోముతా ఏడ్చినాను. నోటితో స్తోత్రం అంటాను, లోపల దేవుడితో కొట్లాట. రెండు నెలలుగా ప్రార్థన లేదు, కళ్లు మూసుకుని కూర్చుంటా ఉండాను అంతే. మొదటి ఆదివారం బల్ల (ప్రభువు భోజనం) తీసుకోవాలంటే భయమేసి సండేస్కూలు పిల్లల దగ్గరికి పోయి కూర్చుంటాను. కొత్త సంవత్సరం రోజు ఇచ్చిన వాగ్దానపు కార్డు (బైబిలు వాక్యం ఉన్నది) బీరువా తలుపుకి అతికించినాను, దాన్ని చూస్తే కోపమొస్తాది. అననీయ, సప్పీరాల వాక్యం వింటే గుండె ఆగిపోతాది. మా పాప ఒకరోజు అడిగింది, ‘అమ్మా, నువ్వు చర్చిలో చెప్పేది మన ఇంటి గురించేనా?’ అని. ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఆ సాక్ష్యం తర్వాతే చర్చిలో నాకొక గుర్తింపు వచ్చింది. అంతకు ముందు నేను తాగుబోతు పెండ్లాన్నే. అది పోతాదని భయం.”

మరో చిక్కు కూడా ఉంది. భర్త మందు మానితే కొత్త చర్చి కట్టడానికి లక్ష రూపాయలు ఇస్తానని అప్పట్లో మొక్కుకుంది. నలభై వేలు ఇచ్చింది. మిగిలింది ఇవ్వాలి, ఇక్కడేమో పాప డిగ్రీ ఫీజు బాకీ ఉంది. “దేవుడే మాట తప్పినప్పుడు నేనెందుకు కట్టాల అనిపిస్తాది, వెంటనే వణుకొస్తాది” అంటుంది. ఆయన మెట్ల మీద పడిపోయిన రాత్రి పక్కింటావిడ సాయం పట్టి లోపలికి చేర్చింది. పొద్దున్నే ఏమీ అడగకుండా గిన్నెలో ఇడ్లీలు పంపింది. “మా ప్రభువు మాన్పించినాడు అని ఆమెకే గొప్పగా చెప్పింటిని. ఇప్పుడు దేవుని నామానికి అవమానం గదా?” అని బాధ. కూరలో కలిపి పెట్టే మాత్ర ఒకటి ఉందని ఎవరో చెప్పారట, అది పెట్టొచ్చా అని కూడా అడిగింది.

అమ్మా,

“అది పోతాదని భయం” అని రాశారు చూడండి, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఉత్తరంలో ఆ మాట లేకపోతే నాకు తెలిసేదే కాదు. అయినా రాశారు. ముక్కూమొహం తెలియని నాకు అంత నిజం చెప్పగలిగిన మీరు దేవుడి దగ్గర మాత్రం కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటున్నారు. నాకు రాసిన ఈ ఉత్తరాన్నే ఆయన ముందు పెట్టి పైకి చదవండి. మొదటి పని అదే. మిగిలినవన్నీ దాని తర్వాతే వస్తాయి.

దేవుడికి కోపం వచ్చిందా అని మీ భయం. దానికంటే ముందు, ముడిపడిపోయినవాటిని కొంచెం విడదీద్దాం. మూడేళ్ల కిందట మీరు చెప్పిన సాక్ష్యం అబద్ధం కాదు. ఆయన నిజంగానే మానేశాడు, మీ ఇంట్లో రాత్రులు నిజంగానే ప్రశాంతంగా గడిచాయి. మందుకు అలవాటుపడ్డ మనిషి మానేసి మళ్లీ మొదలుపెట్టడం డాక్టర్లు నిత్యం చూసే సంగతి. రెండోసారి పడినంత మాత్రాన మొదటిసారి లేవడం నాటకమైపోదు. దేవుడిచ్చాడని మీరు చెప్పిన ఆ రెండేళ్లను ఇవాళ వెనక్కి లాక్కోనక్కర్లేదు. అబద్ధం వచ్చి కూర్చుంది ఏప్రిల్ తర్వాత మీరు చెప్పిన ఆ రెండుసార్లలో. అది తప్పే, చిన్నది చేసి చెప్పను. కానీ మీ మూడేళ్ల భక్తి జీవితమంతా అబద్ధమని మీరు మీ మీద వేసుకుంటున్న నేరం ఉంది చూశారూ, అది ఆ తప్పు కంటే చాలా పెద్దది. అంత మీరు చేయలేదు.

ఇందులో మన సంఘాలకూ బాధ్యత ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. కథ మంచిగా ముగిసినవాళ్లకే మనం మైకు ఇస్తాం. “అప్పుల్లో ఉన్నాను, దేవుడు తీర్చాడు” అంటే చప్పట్లు. “అప్పుల్లోనే ఉన్నాను, అయినా ఈ వారం ఆయన నన్ను విడిచిపెట్టలేదు” అని ఎవరైనా లేస్తే ఏం చేయాలో తెలియక పాట ఎత్తుకుంటాం. మధ్యలో ఉన్నవాళ్లకు చోటు లేని దగ్గర, మధ్యలో ఉన్నవాళ్లు చివరికి చేరిపోయినట్టు మాట్లాడటం నేర్చుకుంటారు. మీరు అలాగే నేర్చుకున్నారు. దీన్ని మీ తప్పుకు సాకుగా వాడుకోమని చెప్పడం లేదు. సంఘంలో మీరొక్కరే ఇలా ఉన్నారనుకోవద్దని చెబుతున్నాను.

ఇప్పుడు మీ కోపం సంగతి. దేవుడి మీద కోపం రావడమే పాపమని మీకు ఎవరో నేర్పారు. మన చేతుల్లో ఉన్న కీర్తనల గ్రంథం ఆ మాట ఒప్పుకోదు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలూ ఫిర్యాదులే. 13వ కీర్తన మొదలవడమే “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” అని మొదలవుతుంది. అది ఆరు వచనాలు తిరిగేసరికి పాటలోకి మళ్లుతుంది. 88వ కీర్తన మళ్లదు. అది చీకట్లో మొదలై చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది. చివర్లో ఒక స్తోత్రమైనా లేదు. అలాంటిదాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి తీసేయకుండా ఉంచారంటే, మీరు గిన్నెలు తోముతూ ఏడ్చిన ఏడుపుకు కూడా దేవుడి సన్నిధిలో చోటుందని అర్థం.

అన్నీ పోగొట్టుకున్న యోబు సంగతి ఇంకా స్పష్టం. పుస్తకమంతా స్నేహితులు దేవుడి తరఫున వాదిస్తారు, యోబు దేవుణ్ణి నిలదీస్తాడు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు కోపగించుకున్నది ఎవరి మీద? తన తరఫున వాదించిన స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదంటాడు. అంతకు ముందే, 13వ అధ్యాయంలో, యోబు ఆ స్నేహితులను అడుగుతాడు: దేవుడి పక్షాన మీరు వంచనగా మాట్లాడతారా అని. అమ్మా, “దేవుని నామానికి అవమానం” అని మీరు దాస్తున్నారే, ఈ ప్రశ్న మీ చేతికి కూడా ఇస్తున్నాను. ఆయన పేరు కాపాడటానికి మన అబద్ధం ఆయనకు అక్కర్లేదు.

బిడ్డలు లేక కుమిలిన హన్నా కూడా గుర్తొచ్చింది. మందిరంలో పెదవులు కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడు ఏలీ చూసి తాగి వచ్చిందనుకున్నాడు. “నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను” అంది ఆమె. దేవుడి ముందు అంత నిజంగా ఉన్న మనిషిని చూసి పూజారి కూడా పొరబడ్డాడు. దేవుడు పొరబడలేదు.

ప్రార్థన మళ్లీ ఎలా మొదలుపెట్టాలంటారా? చర్చి ప్రార్థన భాష మానేయండి, కొన్నాళ్లపాటైనా. “మహోన్నతుడవైన దేవా, స్తుతులు చెల్లించుకొనుచున్నాము” అని మొదలెడితే మీ నోరు అలవాటుగా సాగిపోతుంది, మనసు వెనకే ఉండిపోతుంది. మీ వంటింటి మాటలో చెప్పండి. “యేసయ్యా, నువ్వు చూస్తానే ఉండావు గదా, ఈ పొద్దు కూడా తాగొచ్చినాడు. నాకు నీ మీద కోపంగా ఉండాది. నిన్ను నమ్మినానని పదిమందికి చెప్పుకున్నందుకు సిగ్గుగా ఉండాది. అయినా నీ దగ్గరికి కాకపోతే ఇంక యాడికి పోవాల?” ఇంతే చాలు. నెమ్మది వెంటనే రాదు. కొన్ని రాత్రులు చెప్పి పడుకోవడమే తప్ప ఏమీ జరగనట్టే ఉంటుంది. కానీ రెండు నెలలుగా ఉన్నది మౌనం, ఇది మాట. తన బిడ్డ కోసం యేసు దగ్గరికి వచ్చిన తండ్రి కూడా “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అని నమ్మకాన్నీ అపనమ్మకాన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశాడు. ఆయన బిడ్డ బాగుపడ్డాడు. మొదట నీ నమ్మకం సరిచేసుకుని రా అని యేసు అతన్ని పంపేయలేదు.

బీరువా మీది కార్డు సంగతి మీ ఇష్టం. తీసి లోపల పెట్టినా పాపం లేదు. ఉంచుకుంటే, దాని ముందే నిలబడి “ఇది ఎప్పుడు?” అని అడగండి.

బల్ల గురించి. మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయంలో పౌలు చెప్పింది, ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకుని, అలా చేసి ఆ రొట్టె తినాలని. పరీక్షించుకుని లేచిపొమ్మని చెప్పలేదు. మనవాళ్లు ఆ అధ్యాయం చదివేటప్పుడు శిక్ష దగ్గర గొంతు పెంచి, “తినవలెను” దగ్గర తగ్గిస్తారు. జనవరి మొదటి ఆదివారానికి మీరు దేవుడితో నిజం మాట్లాడి ఉంటే పిల్లల దగ్గరికి పోకుండా మీ చోట్లోనే కూర్చోండి. భయం ఇంకా తగ్గకపోతే ఆ నెలకు ఆగండి. అది కూడా నిజాయతీయే. కానీ దాక్కోవడం అలవాటు కానివ్వకండి.

అననీయ, సప్పీరాల వాక్యం మీకు భయం. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, మొత్తం ఇచ్చినట్టు అబద్ధమాడి ప్రాణం పోగొట్టుకున్న భార్యాభర్తల సంగతి అది. ఒకసారి దగ్గరగా చదవండి. పొలం మీదే కదా, అమ్మిన డబ్బూ మీ చేతిలోదే కదా అని పేతురు అంటాడు. అంటే మొత్తం ఇమ్మని వాళ్లను ఎవరూ అడగలేదు. సగమే ఇస్తున్నామని చెప్పి సగం ఇచ్చుంటే సరిపోయేది. తమ దగ్గర లేని త్యాగాన్ని చూపించబోయారు, చిక్కు అక్కడ వచ్చింది. తర్వాత సప్పీరా వచ్చినప్పుడు, భూమిని ఇంతకే అమ్మారా అని పేతురు సూటిగా అడిగాడు. నిజం చెప్పడానికి ఆమె ముందు ఒక తలుపు తీశాడు. పాస్టరమ్మగారు మిమ్మల్ని 31 రాత్రికి పిలిచిన పిలుపు కూడా మీకు అలాంటి తలుపే అనుకోండి. ఇంకా రోజులున్నాయి.

ఆ రాత్రి ఏం చేయాలన్నది మీ నిర్ణయమే. నాకు కనిపించే దారులు చెబుతాను, ఎటు పోతే ఏం జరగొచ్చో కూడా చెబుతాను. పాత సాక్ష్యమే చెబితే ఆ రాత్రి గడుస్తుంది, మీ గుర్తింపు ఇంకో ఏడాది నిలబడుతుంది. మీ పాప మాత్రం ఆ వరసలోనే కూర్చుని వింటుంది. ఇది మూడోసారి అవుతుంది, నాలుగోసారి ఇంకా తేలికవుతుంది. ఈ దారి వద్దనే నా మాట.

పాస్టరమ్మగారికి ఫోన్ చేసి, “అక్కా, ఈసారి నేను చెప్పలేను, వేరేవాళ్లకి అవకాశం ఇవ్వండి” అనొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. అవునంటే అవును, కాదంటే కాదు అని ప్రభువు చెప్పాడు, ప్రతి కాదుకూ వివరణ జత చేయమని చెప్పలేదు. ఇంట్లో సంగతి బయట చెప్పకపోవడం అబద్ధం కాదు. లేనిది ఉన్నట్టు చెప్పడమే అబద్ధం. ఈ తేడా మీరు గట్టిగా పట్టుకుంటే సగం భారం దిగుతుంది. అయితే ఆమె ఊరుకోకపోవచ్చు, “ఏమైంది సిస్టర్, అంతా బాగానే ఉందా?” అంటారు. అప్పుడు “ప్రైజ్ ద లార్డ్ అక్కా, బాగున్నాం” అని నోరు జారకుండా, “ప్రార్థన చేయండి, తర్వాత చెబుతాను” అనడానికి ముందే సిద్ధపడి ఫోన్ చేయండి.

మీకు ముందు మనసు రాక, తర్వాత మనసు మారితే? ఫరవాలేదు. ఇద్దరు కొడుకుల ఉపమానంలో, పోనని చెప్పి తర్వాత పోయినవాడే తండ్రి ఇష్టం చేశాడు. “పోతాను అయ్యా” అని మర్యాదగా చెప్పి ఇంట్లో కూర్చున్నవాడు కాదు. మీరు ఇచ్చిన “సరే అక్కా” ఆ రెండో కొడుకు మాట లాంటిది. దాన్ని వెనక్కి తీసుకోవడం అవమానమేమీ కాదు.

పాస్టరుగారు, పాస్టరమ్మగారు ఇద్దరితో విడిగా కూర్చుని అంతా చెప్పడం ఇంకో దారి. ఏప్రిల్ తర్వాత చెప్పిన రెండు సాక్ష్యాల గురించి ఒప్పుకోవడం కూడా ఇందులోనే ఉంది. ఇది కష్టం, కానీ ఎక్కువ మేలు చేసేది ఇదేనని నా నమ్మకం. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. చర్చిలో గుట్టు బయటపడేది చాడీల వల్ల కంటే ప్రార్థన విన్నపాల వల్లే ఎక్కువ. “ఫలానా సిస్టర్ భర్త మళ్లీ పడిపోయాడు, భారంతో ప్రార్థించండి” అని వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు. కాబట్టి మాట మొదలుపెట్టే ముందే “ఇది మీ ఇద్దరి దగ్గరే ఉండాలి, పేరుతో ఎక్కడా ప్రార్థన పెట్టొద్దు” అని అడగండి. వాళ్లు ఆ మాట నిలబెట్టుకుంటారన్న నమ్మకం మీకు లేకపోతే వాళ్లకు చెప్పకండి. వయసులో పెద్దావిడ, కష్టాలు చూసినావిడ, నోరు కట్టుకోగలిగినావిడ మీ సంఘంలో ఒకరుంటారు. ఆమెతో మొదలుపెట్టండి.

ఇక 31 రాత్రి లేచి నిలబడి అందరి ముందు మొత్తం చెప్పేయాలని కూడా మీకు అనిపించి ఉంటుంది. దాచి దాచి అలసిపోయినవాళ్లకు ఒక్కసారిగా కక్కేయాలనిపిస్తుంది. దయచేసి ఆయనకు తెలియకుండా ఆ పని చేయకండి. మీ అబద్ధం మీది, దాన్ని మీరు ఒప్పుకోవచ్చు. ఆయన తాగుడు ఆయనది. వెనక వరసలో కూర్చుని భార్య నోటి నుంచి అది విన్న మనిషి మళ్లీ ఆ గుమ్మం ఎక్కడు. మీ మనసు తేలికపడటానికి ఆయన్ను నలుగురిలో పెట్టడం న్యాయం కాదు.

కాబట్టి అందరికంటే ముందు మాట్లాడాల్సింది ఆయనతో. తాగి ఉన్నప్పుడు వద్దు, గొడవ మర్నాడు పొద్దున కూడా వద్దు. బాడుగ లేని రోజు మధ్యాహ్నం చూసుకోండి. నిందతో మొదలుపెట్టకండి. “నువ్వు మానినావని నేను ఇప్పటికీ చర్చిలో చెప్తా ఉండాను. ఇంక చెప్పలేను. పాస్టరుగారితో మాట్లాడాలనుకుంటా ఉండాను, నువ్వు కూడా వస్తావా?” అని మీ తప్పుతో మొదలుపెట్టండి. కోప్పడతాడేమో, మౌనంగా లేచిపోతాడేమో. తను పడినందుకు ఆయనకు మీకంటే ఎక్కువ సిగ్గు ఉండి ఉండొచ్చు. మీ సాక్ష్యం విన్న ప్రతిసారీ ఆ సిగ్గు పెరిగే ఉంటుంది.

మీరు అడగని సంగతి ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. ఆయన కారు నడుపుతాడు. తెల్లవారుజామున నాలుగింటికి యాత్రికులను ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కే మనిషి రాత్రి పదకొండింటి వరకు తాగితే, పొద్దుటికి అదంతా ఒంట్లోంచి దిగిపోదు. నిద్ర లేచి స్నానం చేస్తే దిగదు, కాఫీ తాగితే దిగదు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారికే పది వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. జరిమానా పోనీండి, వెనక సీట్లో ఎవరి పిల్లలో ఉంటారు. గుట్టు కాపాడటానికి హద్దు ఇక్కడ ఉంది. రాత్రి ఎక్కువ తాగిన మర్నాడు బాడుగకు పోవద్దని మీరు గట్టిగా నిలబడాలి. తాళం చెవి ఇవ్వకపోయినా సరే. వినకపోతే ఆయన అన్నతోనో, కార్ల స్టాండులో ఆయన మాట వినే పెద్ద డ్రైవరుతోనో చెప్పండి. ఈ ఒక్క విషయంలో ఆయనకు కోపం వచ్చినా సరే.

మాత్ర సంగతి. కూరలో కలిపి పెట్టొద్దు. మందు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ లాంటి మాత్రలు డాక్టరు పరీక్ష చేసి, మనిషికి చెప్పి, ఒప్పించి ఇచ్చేవి. అది ఒంట్లో ఉన్న సంగతి తెలియక ఆయన తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అదీగాక, అబద్ధం నుంచి బయటపడాలని ఉత్తరం రాసిన మీరు రోజూ అన్నంలో ఇంకో అబద్ధం కలపడం ఏమిటి?

ఇంకో మాట. రోజూ ఎక్కువ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం మొదలై, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడి కలవరించవచ్చు. దాన్ని దయ్యం అనుకుని ప్రార్థనకు కూర్చోబెట్టి ఆలస్యం చేస్తే ప్రమాదం. ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపువాళ్లు వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోతుంటారు. ఎక్కడికి పోవాలో తేలకపోతే మందు, మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక సాయం కోసం టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయండి. మీరూ మాట్లాడొచ్చు, ఆయనే మాట్లాడాలని లేదు. ఆస్పత్రికి పోతే ప్రార్థన మీద నమ్మకం లేనట్టు అని ఎవరైనా అంటే, రోగులకు వైద్యుడు కావాలని చెప్పింది ప్రభువే అని చెప్పండి. ఉత్తరంలో మీరు రాయలేదు గానీ, ఆయన చేయి చేసుకుంటుంటే అది ఓర్చుకోవలసిన సిలువ కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పాపతో కలిసి పుట్టింటికో పక్కింటికో ముందు బయటపడండి.

పక్కింటావిడ విషయంలో మీరు పడుతున్న సిగ్గు నాకు అర్థమైంది. మన తిరుపతిలో చుట్టూ ఉన్నవాళ్లది ఒక దేవుడు, మనది ఒక దేవుడు. మన ఇంట్లో ఏం జరిగినా అది మన దేవుడి పరువుగా మోస్తాం. కానీ ఆమెకు అన్నీ తెలుసు. ఆ రాత్రి ఆయన రెక్క పట్టుకుని లోపలికి చేర్చిందీ ఆమే, తర్వాత వీధిలో ఒక్క మాట పొక్కనివ్వనిదీ ఆమే. ఆమె ముందు దాచడానికి ఇంకేం మిగల్లేదు. “అక్కా, మానినాడని చెప్పినాను, మళ్లీ మొదలుపెట్టినాడు. నేను ఇంకా ప్రార్థన చేస్తానే ఉండాను” అని ఆమెతో ఒక్కసారి చెప్పండి. బాధలో కూడా దేవుణ్ణి వదలని మనిషిని ఆమె చూస్తుంది. దాంతో ప్రభువు పేరుకు వచ్చే నష్టమేదీ నాకు కనబడటం లేదు.

పాపకు జవాబు బాకీ ఉన్నారు. డిగ్రీ చదివే పిల్ల, అన్నీ చూస్తూనే ఉంది. “మొదట చెప్పింది నిజం, ఈ మధ్య చెప్పింది నిజం కాదు, తప్పు చేసినాను, ఇంక చెప్పను” అనండి. తల్లి నోటి నుంచి ఆ మూడు ముక్కలు వింటే, దేవుడి మాట ఎత్తినప్పుడు తన తల్లి అబద్ధమాడదన్న నమ్మకం ఆ పిల్లకు మళ్లీ కుదరడానికి వీలుంటుంది. వాళ్ల నాన్నను తక్కువ చేసి మాత్రం మాట్లాడొద్దు. ఆ పిల్లకు నాన్న మీద ప్రేమ ఉంది, అందుకే అడిగింది.

మీ గుర్తింపు పోతుందన్న భయానికి ఓదార్పుగా “పోదులెండి” అని చెప్పలేను. కొంత పోవచ్చు. పిలుపులు తగ్గుతాయి, కొందరు చూసే చూపు మారుతుంది. కానీ ఆ గుర్తింపు మీ భర్త మానడం మీద నిలబడింది, అంటే మీ చేతిలో లేని దాని మీద. ఇద్దరు ముగ్గురైనా మిమ్మల్ని మీరుగా ఎరిగి పక్కన నిలబడితే అది ఏ మైకూ ఇవ్వని బలం. నాకు తెలిసి ప్రతి సంఘంలోనూ అలాంటి ఇల్లు ఇంకోటి ఉంటుంది, తలుపు వేసుకుని. మీరు విడిగా ఒకరితో నోరు విప్పితే, ఆ ఇంటావిడ మీ దగ్గరికి వస్తుంది.

చివరిగా మొక్కుబడి. మొక్కుకుని చెల్లించకుండా ఉండటం కంటే మొక్కుకోకుండా ఉండటమే మేలని బైబిల్లో ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది, అది మీకు తెలుసు, అందుకే వణుకు. కానీ లేవీయకాండం 27వ అధ్యాయం కూడా చదవండి. మొక్కుబడులకు వెలలు నిర్ణయించిన అధ్యాయం అది. అందులోనే, మొక్కుకున్నవాడు ఆ వెల ఇచ్చుకోలేనంత బీదవాడైతే యాజకుడు అతని తాహతు చూసి వెల మార్చాలని ఉంది. ధర్మశాస్త్రమే అంత కనికరం చూపించింది. మార్కు 7వ అధ్యాయంలో యేసు, దేవుడికి అర్పితం అని పేరు పెట్టి తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్లను గద్దించాడు. ఇంటివాళ్లకు దక్కాల్సిన డబ్బు పట్టుకొచ్చి తనకు ఇవ్వమని ఆయన అడగడు. పాప ఫీజు దేవుడికి వ్యతిరేకంగా పెట్టే ఖర్చు కాదు.

“దేవుడే మాట తప్పాడు కాబట్టి కట్టను” అన్నది వేరు, “ఇప్పుడు కట్టలేను” అన్నది వేరు. మొదటిది మీ కోపం. దాన్ని ప్రార్థనలో ఆయనకే చెప్పండి, డబ్బుతో చెప్పొద్దు. రెండోది లెక్క. దాన్ని పాస్టరుగారికి చెప్పండి: “అరవై వేలు మిగిలి ఉంది, ఇప్పట్లో నా వల్ల కాదు, నెలకు ఇంత ఇవ్వగలను” అని. అయిదు వందలైనా ఫరవాలేదు, కొన్నాళ్లు అసలు వద్దన్నా ఫరవాలేదు. మిగిలిన సంగతులు చెప్పడానికి వాళ్ల దగ్గర కూర్చున్న రోజే ఇది కూడా చెప్పేయండి, మళ్లీ ఇంకోసారి ధైర్యం కూడగట్టుకోనక్కర్లేదు. పాప కాలేజీ ఫీజు మాత్రం దానికోసం ఆపకుండా ఈ వారమే కట్టేయండి.